‘క్లినికల్ ఆఫీసర్’ డిప్లొమాకు ఎనభై వేలు కట్టాలా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళెం దగ్గర పల్లె. తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ ఏడో సెమిస్టర్ చదువుతున్నాను. పల్లెలో ఉండి జనానికి వైద్యం అందించే ఉద్యోగమే చేయాలని ఉంది. మొన్న ఒక ప్రైవేటు సంస్థ వాళ్లు హాస్టల్ దగ్గర కరపత్రాలు పంచారు. ‘క్లినికల్ ఆఫీసర్, కమ్యూనిటీ హెల్త్’ అని ఏడాది డిప్లొమా అట. ఫీజు 80 వేలు. అది చేస్తే సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు, సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) పోస్టు కూడా తేలిగ్గా వస్తుంది అంటున్నారు. చేరమంటారా? ఆ పోస్టుకు నర్సులు చేసే ఇగ్నో బ్రిడ్జి కోర్సు వేరే చేయాలా? జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన మా పిన్ని కూతురూ ఇదే అడుగుతోంది. నాన్నేమో అది కాంట్రాక్టు ఉద్యోగం, పైగా ఊరి చివర సెంటర్లో ఒక్కదానివే ఏం చేస్తావు అంటున్నారు. చదువు అయ్యేలోపు ఏమేం నేర్చుకోవాలో కూడా చెప్పండి.

జవాబు: కట్టకండి. ఎనభై వేలు కాదు, ఎనిమిది వేలకైనా ఆ కాగితం దండగ.

క్లినికల్ ఆఫీసర్ అనే కొలువు నిజంగానే ఉంది, కానీ మన దేశంలో కాదు. కెన్యా, మలావి, టాంజానియా, ఉగాండాల్లో డాక్టర్లు చాలని చోట ఆసుపత్రుల బరువు చాలావరకు వాళ్లే మోస్తారు. కెన్యాలో మూడేళ్ల డిప్లొమా, దానిపైన ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. వాళ్లకంటూ ఒక చట్టం, కౌన్సిల్, రిజిస్టరు ఉన్నాయి. మలావిలో జిల్లా ఆసుపత్రుల్లో సిజేరియన్లు ఎక్కువగా చేసేది వాళ్లే. ఆ పేరును తెచ్చి ఇక్కడ ఏడాది కోర్సుకు తగిలించినంత మాత్రాన ఆ అధికారం రాదు.

మన దగ్గరా ఇలాంటి ప్రయత్నాలు జరగకపోలేదు. బ్రిటిషువాళ్ల కాలంలో ఎంబీబీఎస్ కన్నా చిన్న చదువుతో ఎల్‌ఎంపీ డాక్టర్లు ఉండేవాళ్లు. 1946లో భోర్ కమిటీ ఎంబీబీఎస్ ఒక్కటే చాలన్నాక ఆ చదువు కనుమరుగైంది. 2001లో ఛత్తీస్‌గఢ్ పల్లె వైద్యానికి మూడేళ్ల కోర్సు పెట్టింది, తర్వాత ఆపేసింది. అలాంటి కోర్సు కోసం అస్సాం 2004లో చట్టమే చేసింది. అది చెల్లదన్న గౌహతి హైకోర్టు తీర్పును 2023 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వం చేసిన చట్టానికే ఆ గతి పట్టినప్పుడు కరపత్రం సంగతి చెప్పేదేముంది? ఆ సంస్థవాళ్లు బహుశా 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ చూపిస్తారు. కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌కు పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చని అందులో ఉన్నమాట నిజమే. కానీ ఇచ్చేది కమిషన్, డిప్లొమా అమ్మే సంస్థ కాదు. అదే చట్టంలో రెండు సెక్షన్ల కింద 34 ఉంటుంది. అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కరపత్రంలో ఆ సెక్షన్ వేసి ఉండరు.

ఇలాంటి కోర్సు ఏదైనా ఎదురైతే రెండే అడగండి: ఇది చదివితే ఏ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేస్తారు? ఏ ప్రభుత్వ నోటిఫికేషన్‌లో దీన్ని అర్హతగా రాశారు? రెండింటికీ కాగితం చూపించాలి. ‘ప్రాసెస్‌లో ఉంది మేడం’ అన్నారంటే లేదనే లెక్క.

మీరు కోరుకునే పనికి మన దగ్గర ఉన్న పేరు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, సీహెచ్‌ఓ. మన రాష్ట్రంలో అందరి నోటా ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్). 2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్‌సెంటర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టారు. 2023 చివర్లో వాటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చారు. అంతకుముందు సబ్‌సెంటరంటే గర్భిణులు, టీకాలు, కుటుంబ నియంత్రణ. ఇప్పుడు బీపీ, షుగరు, క్యాన్సర్ స్క్రీనింగ్, మానసిక ఆరోగ్యం, కళ్లు, చెవులు, పళ్లు, ముసలివాళ్ల సంరక్షణ, ప్రథమ చికిత్స అన్నీ కలిపి పన్నెండు రకాల సేవలు. ఆ కేంద్రంలో పద్నాలుగు రకాల పరీక్షలు, నూరుకు పైగా మందులు ఉండాలని లెక్క. వాటిని నడిపించేదే సీహెచ్‌ఓ.

బ్రిడ్జి కోర్సు గురించి. ఇగ్నో ఆర్నెల్ల సర్టిఫికెట్ పెట్టింది ఎందుకంటే, పాత సిలబస్‌లో చదివిన నర్సులకు ఆసుపత్రి వార్డు తెలుసుగానీ ఒక ఊరి జనాభా మొత్తాన్ని చూసుకోవడం తెలియదు. 2021లో నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన ఎనిమిది సెమిస్టర్ల సిలబస్‌లో ఆ పాఠాలను డిగ్రీలోనే కలిపేశారు. ఐదో సెమిస్టర్లో, ఏడో సెమిస్టర్లో మీరు చదివే కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ అదే. కాబట్టి మీకు విడిగా బ్రిడ్జి కోర్సు అక్కర్లేదు. ఒక పని మాత్రం చేయండి. మార్కుల లిస్టులతో పాటు ట్రాన్‌స్క్రిప్టు తీసుకునేటప్పుడు కమ్యూనిటీ పోస్టింగ్ గంటలు విడిగా కనిపించేలా రాయించుకోండి. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో ‘ఇంటిగ్రేటెడ్ అని ఎక్కడుంది’ అని అడిగితే చూపించడానికి అదే ఆధారం. కాలేజీ వదిలేశాక ఆ సంతకం కోసం తిరగడం ఎంత కష్టమో మీ సీనియర్లను అడగండి.

ఇక నాన్నగారి మాట. అందులో నిజం లేదని చెప్పలేం. ఇది జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు ఉద్యోగం. మిషన్ మార్గదర్శకాల ప్రకారం నెలకు 25 వేలు స్థిర జీతం, పనితీరును బట్టి 15 వేల దాకా ప్రోత్సాహకం. రెండోది చేతికొచ్చే జీతం అనుకుని ఇంటి లెక్కలు వేసుకోవద్దు. ఎంతమందిని స్క్రీనింగ్ చేశారు, ఎందరు మందులకు తిరిగొచ్చారు, పోర్టల్‌లో ఎంత ఎక్కింది అన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది, ఆలస్యమూ అవుతుంది. జీతాల పెంపు, పీఎఫ్, క్రమబద్ధీకరణ అడుగుతూ 2025 వేసవిలో మన రాష్ట్రంలో సీహెచ్‌ఓలు సమ్మెకు దిగారు. అంటే సమస్య మీ నాన్నగారు ఊహించుకున్నది కాదు. మరోవైపు 2022లో ఒక్క విడతలోనే 1,681 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రెగ్యులర్ స్టాఫ్ నర్సు పోస్టులు అన్నేసి పడటం అరుదు. ఇంకోటి, ప్రభుత్వ కాంట్రాక్టు సర్వీసుకు స్టాఫ్ నర్సు నియామకాల్లో వెయిటేజీ మార్కులు ఇస్తూ వచ్చారు. కాబట్టి సీహెచ్‌ఓగా చేరి, రెగ్యులర్ నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా దరఖాస్తు పెట్టుకుంటూ పోవడమే తెలివైన దారి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

ఒంటరితనం గురించి ఆయన భయం మాత్రం సగమే సరి. సెంటర్లో ఏఎన్‌ఎం ఉంటుంది, ఊళ్లో ఆశా కార్యకర్తలు ఉంటారు. అసలు చిక్కు సెంటర్ ఎంపికలో వస్తుంది. కౌన్సెలింగ్‌లో ఖాళీల జాబితా చేతికిచ్చి, మెరిట్ వరసలో కోరుకోమంటారు. అప్పుడు సొంతూరికి దగ్గరని చూసుకుని టిక్కు పెట్టేస్తారు చాలామంది. ముందే మూడు నాలుగు చోట్లకు వెళ్లి చూడండి. సొంత భవనమా, అద్దెదా? కొళాయి, పనిచేసే మరుగుదొడ్డి ఉన్నాయా? ఫోన్ సిగ్నల్ ఎన్ని గీతలు? సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి? బంగారుపాళెం, పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచు ఊళ్లైతే ఏనుగులు ఏ దారిన దిగుతాయో, ఏ నెలల్లో దిగుతాయో కూడా అడగండి. మీకు తెలియంది కాదు. చీకటి పడ్డాక స్కూటీ మీద ఆ దారిలో రావడం ఉద్యోగ ధర్మం కానేకాదు.

ఇప్పుడు ఏం నేర్చుకోవాలనే మాటకొద్దాం. మీ తోటివాళ్లు చాలామంది మందుల పేర్లు బట్టీ పడుతుంటారు. సీహెచ్‌ఓ పనిలో తప్పులు ఎక్కువగా జరిగేది మందు పేరు దగ్గర కాదు, కొలత దగ్గర. డాక్టరు దూరంగా పీహెచ్‌సీలోనో, ఆన్‌లైన్‌లో వైద్య సలహా ఇచ్చే ఈ-సంజీవని తెర మీదో ఉంటారు. ఆయన మందు రాసేది మీరు చెప్పిన అంకె చూసి. ఆ అంకె తప్పయితే వైద్యమంతా తప్పే.

బీపీనే తీసుకోండి, వార్డులో వందసార్లు చూసి ఉంటారు. సెంటర్‌కు వచ్చే మనిషి కొండెక్కి దిగి, మేకల్ని తోలుకుని, దారిలో టీ తాగి వస్తుంది. రాగానే కఫ్ (చేతికి చుట్టే గాలి పట్టీ) కడితే 150 దాటుతుంది. టీ, బీడీ, ఆకువక్క అయ్యాక అరగంట ఆగాలి. మూత్రం పోసి రమ్మనాలి. వీపుకు ఆనుడున్న కుర్చీలో కాళ్లు నేలకు ఆనేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. చెయ్యి బల్ల మీద, కఫ్ గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి కిందికి వేలాడితే ప్రతి పది సెంటీమీటర్లకు దాదాపు ఎనిమిది పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. రవికె చెయ్యి మీదనే కఫ్ చుట్టొద్దు, పైకి బిగించి మడవనూ వద్దు. కఫ్ లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టి రావాలి. లావు చేతికి మామూలు కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. ఈ ఒక్క కారణంతో అనవసరంగా మాత్రలు మింగేవాళ్లు తక్కువమందేం కాదు. కొలిచేటప్పుడు మీరూ మాట్లాడకూడదు, ఆమెనూ మాట్లాడించకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి. మొదటిసారి వచ్చినవాళ్లకు రెండు చేతులకూ చూసి, ఎక్కువున్న చెయ్యి ఏదో కార్డులో రాసిపెట్టండి.

140/90 దాటితే ఇంకోరోజు మళ్లీ చూసి గాని పేరు పెట్టకూడదు. 180/110 దాటితే మాత్రం అదే రోజు పీహెచ్‌సీకి. పాదరసం పరికరంతో చూసేటప్పుడు సెకనుకు రెండు పాయింట్ల చొప్పున గాలి వదలాలి. విన్నది 134 అయితే 134 అనే రాయాలి, 130 అనో 140 అనో కాదు. రిజిస్టర్లో అన్నీ సున్నాతో ముగిసే అంకెలే ఉంటే సూపర్‌వైజర్‌కు ఒక్క చూపులో అర్థమైపోతుంది.

దీనికి సాధన చాలా సులువు. కాలేజీ ల్యాబులో ఇద్దరు ఒకేసారి వినే టీచింగ్ స్టెతస్కోపు ఉంటుంది. మీ మేడంతో కలిసి యాభైమందికి చూడండి. ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసుకుని తర్వాత పోల్చండి. తేడా నాలుగు పాయింట్ల లోపల ఉండాలి. అంతకన్నా ఎక్కువ వస్తుంటే మీ చెవి కంటే మీరు గాలి వదిలే వేగాన్నే ముందు అనుమానించండి.

గ్లూకోమీటర్‌కు వేరే జబ్బులున్నాయి. మన వైపు తోతాపురి సీజన్లో ఈ తప్పు బాగా జరుగుతుంది. మామిడి రసం అంటిన వేలు గుచ్చితే షుగరు ఎక్కడికో పోతుంది. సబ్బుతో కడిగించి తుడవండి. స్పిరిట్ వాడితే పూర్తిగా ఆరనివ్వాలి, తడి మీద గుచ్చితే రక్తం పలచనై తప్పు చూపిస్తుంది. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చాలి, నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టేస్తే గాలిలో తేమకే పాడవుతాయి. స్క్రీనింగ్‌లో ఎప్పుడు చూసినా 140 దాటితే డాక్టరు దగ్గరకు పంపి నిర్ధారణ పరీక్ష చేయించాలి. 70 కన్నా తగ్గి, చెమటలు, వణుకు ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు. షుగరు మాత్ర వేసుకుని, సంగటి తినకుండా పొలానికి పోయిన ముసలివాళ్లలో ఇది తరచుగా చూస్తారు.

హిమోగ్లోబిన్‌లో జరిగేది ఒకటే తప్పు, వేలు పిండడం. పిండితే రక్తంతో పాటు ఒంట్లో నీరూ వచ్చి అంకె తగ్గుతుంది. వేలిని వెచ్చగా రుద్ది, గుచ్చి, మొదటి బొట్టు తుడిచేసి, తనంతట వచ్చిన బొట్టు తీసుకోండి. గర్భిణికి 11 లోపల రక్తహీనత, 10 నుంచి 10.9 స్వల్పం, 7 నుంచి 9.9 మధ్యస్థం, 7 కన్నా తక్కువైతే ఆసుపత్రే. 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర రోజుకొకటి 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. రక్తహీనత ఉంటే రోజుకు రెండు. ‘మాత్రలు ఇచ్చాం’ అన్నది లెక్క కాదు, ‘మింగింది’ అన్నదే లెక్క. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే మూడోనాడే గూట్లో పెట్టేస్తారు. టీతో మింగొద్దని, కాల్షియం మాత్రతో కలిపి మింగొద్దని కూడా చెప్పాలి. టీ మానమంటే మన ఊళ్లలో ఎవరూ మానరు. ‘టీకి గంట ఎడం ఇవ్వండి’ అంటే వింటారు.

మందు రాయడం గురించి మీకు కలిగే అసలు సందేహం, ‘నేనేం ఇవ్వచ్చు?’ అన్నది. సూత్రం ఇది. బీపీకి, షుగరుకు మొదటిసారి మందు మొదలుపెట్టేది, డోసు మార్చేది డాక్టరు. నెలనెలా చూసి అదే మందు ఇచ్చేది, పట్టించుకుని వెంటపడేది మీరు. చిన్న జ్వరాలు, విరేచనాలు, గాయాలు, చర్మ జబ్బుల్లాంటి వాటికి సీహెచ్‌ఓ మార్గదర్శకాల్లో ఉన్నంతవరకు మీరే ఇస్తారు. బీపీ ప్రోటోకాల్ సాధారణంగా ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. నెల తర్వాత కూడా 140/90 కిందికి రాకపోతే టెల్మిసార్టాన్ 40 కలుపుతారు. ఇక్కడ రెండు గుర్తుంచుకోండి. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. ‘కిడ్నీలు చెడిపోయినాయి’ అనుకుని మానేస్తారు. టెల్మిసార్టాన్ గర్భిణులకు ఇవ్వకూడదు, కాబట్టి పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లను ప్రతి నెలా నెలసరి గురించి అడగాలి. ఇది ఎవరూ అడగరు, మీరు అడగండి.

‘బీపీ తగ్గిపోయింది గదమ్మా, మాత్ర నిలిపేసినా’ అనే మాట వారానికి పదిసార్లు వింటారు. తిడితే ఇక రారు. ‘మాత్ర వేసుకుంటా ఉండావు కాబట్టే తగ్గింది’ అని చెప్పి, పాత అంకె, కొత్త అంకె కార్డులో పక్కపక్కన చూపించండి. కుప్పం, పలమనేరు వైపు చాలా ఇళ్లలో మగవాళ్లు బెంగళూరు పనికి పోతారు. వాళ్లు మందు మానేసినవాళ్లు కారు, ఊళ్లో లేనివాళ్లు. వాళ్ల ఫోన్ నంబర్లు విడిగా రాసుకుని, సంక్రాంతికి, గంగజాతరకు ఊరికొచ్చే వారంలో సెంటర్ తెరిచి ఉంచండి. డాక్టరుతో మాట్లాడి రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వండి.

అలా ఇవ్వాలంటే స్టాకు ఉండాలి. ఎనభైమంది రోజుకో ఆమ్లోడిపిన్ వేసుకుంటే నెలకు 2,400. అందులో పదిహేనుమంది రోజుకు రెండు వేసుకుంటే ఇంకో 450. ఒక నెల నిల్వ చేతిలో ఉండగానే ఈ-ఔషధిలో (మందుల ఆన్‌లైన్ పోర్టల్) ఇండెంటు పెట్టాలి. అయిపోయాక పెడితే మధ్యలో మూడు వారాలు ఖాళీ. ఆ మూడు వారాల్లో మందు మానేసినవాళ్లను తిరిగి రప్పించడానికి మూడు నెలలు పడుతుంది. ముందు గడువు తీరేవి ముందు వరసలో పెట్టండి. ఇది నర్సింగ్ పుస్తకంలో అర పేజీ కూడా ఉండదు, సెంటర్లో మాత్రం సగం పని ఇదే. మిగతా సగంలో పెద్ద వాటా పోర్టళ్లది. బీపీ, షుగర్లకు ఎన్‌సీడీ, క్షయకు నిక్షయ్, తల్లీబిడ్డలకు ఆర్‌సీహెచ్, అంటురోగాలకు ఐహెచ్‌ఐపీ, టీకాలకు యు-విన్, ఆరోగ్య ఖాతాకు పద్నాలుగు అంకెల ఆభా నంబరు, రోజువారీ నివేదిక. కొలిచినవాళ్ల వివరాలు అప్పటికప్పుడు ఎక్కించే అలవాటు చేసుకోకపోతే రాత్రి ఇంట్లో కూర్చుని గుర్తున్నట్టు కొట్టాల్సొస్తుంది. దొంగ అంకెలు పుట్టేది అక్కడే.

రెఫరల్ చీటీ రాయడం ఇప్పుడే నేర్చుకోండి. ‘హయ్యర్ సెంటర్‌కు పంపడమైనది’ అని ఒక్క ముక్క రాసిన చీటీ తిరుపతి రుయా ఆసుపత్రిలో ఎవరికీ ఉపయోగపడదు. నాలుగు సంగతులుండాలి: ఎవరు, ఇప్పుడు ఎలా ఉంది, మీరు ఏం చేశారు, వాళ్లు ఏం చేయాలని పంపారు. ఇలా: ‘24 ఏళ్లు, మొదటి కాన్పు, 35 వారాలు. ఉదయం 10.20కి బీపీ 164/112, 10.35కి 166/110. తలనొప్పి, కళ్లు మసక. మూత్రంలో ఆల్బుమిన్ రెండు ప్లస్. 10.45కి మెడికల్ ఆఫీసర్ ఫోన్లో చెప్పిన మేరకు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇచ్చాం. కాన్పు నిర్ణయం కోసం పంపుతున్నాం.’ ఫిట్స్ రాకుండా ఇచ్చే ఆ మొదటి డోసు మొత్తం 10 గ్రాములు. 50 శాతం మందు రెండు మిల్లీలీటర్ల ఆంపుల్‌లో ఒక గ్రాము ఉంటుంది, కాబట్టి ఒక్కో పిరుదుకు ఐదు ఆంపుల్స్, లోతుగా కండలోకి. ఒక ఆంపుల్ ఒక గ్రామని తెలియక రెండు మూడింటితో ఆపేస్తే ఫిట్స్ ఆగవు. లేబర్ రూమ్ పోస్టింగ్‌లో ఈ డోసు కనీసం రెండుసార్లు మీ చేత్తో తీసి చూడండి. చీటీ రాసి 108 ఎక్కించాక అవతలి ఆసుపత్రికి ఫోన్ కూడా చేయండి. మర్నాడు ఏమైందో కనుక్కోండి.

సరిహద్దు ఊళ్లలో ఇంకో మాట. చిత్తూరు, గుడిపాల వైపు జనం జబ్బు పెద్దదంటే రాయవేలూరే (తమిళనాడులోని వేలూరు) అంటారు. వద్దని వాదించకండి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఏ ఆసుపత్రిలో, ఏ జబ్బుకు చెల్లుతుందో ముందే చెప్పండి, అక్కడి చీటీలు తెచ్చి మీ రికార్డులో ఎక్కించమనండి. పసిపిల్లల గుండె జబ్బైతే తిరుపతిలో టీటీడీవారి పద్మావతి హృదయాలయం, ఎముకలైతే బర్డ్ ఆసుపత్రి, అన్న సంగతి ఊళ్లవాళ్లకు మీ నోటి నుంచే తెలియాలి.

అత్యవసరాల్లో మన జిల్లాల్లో రెండు ఖాయంగా వస్తాయి, పాము, కుక్క. పాము కరిస్తే కట్టు కట్టకూడదు, కోయకూడదు, కడగకూడదు. కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా, యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న చోటికి పంపాలి. ఎన్నింటికి కరిచిందో, కనురెప్పలు వాలుతున్నాయా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా అన్నవి రాసి పంపండి. దగ్గరి పీహెచ్‌సీలో ఎన్ని వయల్స్ ఉన్నాయో వారానికోసారి ఫోన్ చేసి కనుక్కునే అలవాటు పెట్టుకోండి. లేని చోటికి పంపితే పోయేది గంట కాదు. కుక్క కరిస్తే మొట్టమొదట సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసుకుని, కారే నీళ్ల కింద కడగాలి. చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం, అది ఉన్న ఆసుపత్రికే పంపాలి. కారం, పసుపు, సున్నం పెట్టి వస్తారు. తిట్టకుండా కడగండి.

రెండు వారాలు దగ్గున్నవాళ్లందరికీ కళ్లె పరీక్ష, మర్చిపోకండి. క్షయ రోగికి పోషణ కోసం నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఖాతా నంబరు తప్పు పడితే ఆ డబ్బు ఆగిపోయి, ఆ కోపం సెంటర్ మీద పడుతుంది.

చదవడానికి గైడ్లు కొనక్కర్లేదు. జాతీయ ఆరోగ్య వ్యవస్థల వనరుల కేంద్రం సీహెచ్‌ఓల కోసమే తయారుచేసిన శిక్షణ మాడ్యూళ్లు దాని వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్నాయి. పోటీ పరీక్షకూ, ఉద్యోగంలోకి వెళ్లాకా అవే పనికొస్తాయి. ఇంగ్లిషులో ఉంటాయి. చదువుతూ రోగికి చెప్పాల్సిన మాటలు మాత్రం మన ఊరి తెలుగులో పక్కన రాసుకోండి. ‘పాల్పిటేషన్స్ ఉన్నాయా’ అంటే ఎవరూ చెప్పరు. ‘గుండె దడదడ కొట్టుకుంటుందా’ అంటే చెబుతారు. కమ్యూనిటీ పోస్టింగ్‌లో హాజరు వేయించుకుని పక్కన కూర్చోకుండా, ఆశా కార్యకర్త వెంట పది ఇళ్లకు వెళ్లి సీబ్యాక్ ఫారాలు మీరే నింపండి. ముప్పై దాటినవాళ్లకు వయసు, పొగాకు, సారా, నడుం చుట్టుకొలత, కదలిక, ఇంట్లో బీపీ షుగర్ల చరిత్ర అడిగి మార్కులు వేయడమే అది. నాలుగు దాటితే ముందు పిలవాలి. మగవాళ్ల నడుం కొలవడానికి, ఆడవాళ్లను తెల్లబట్ట గురించి అడగడానికి బెరుకు పోవాలంటే ఇప్పుడే పోవాలి.

మీ పిన్ని కూతురి సంగతి వేరు. జీఎన్‌ఎంకు ఇగ్నో ఆర్నెల్ల సర్టిఫికెట్‌లో చేరే అర్హత ఉంది. కానీ మన రాష్ట్రంలో ఈ పోస్టులకు బీఎస్సీ నర్సింగ్ వాళ్లనే తీసుకుంటూ వచ్చారు. కాబట్టి ఇక్కడే ఉండాలనుకుంటే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయడం మేలు. దానిలోనూ ఈ పాఠాలు కలిపే ఉన్నాయి. సర్టిఫికెట్ ఒక్కటే చేసి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తే ఏళ్లు పోతాయి.

మీరైతే ఎనిమిదో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ అయ్యేలోపే పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, యూనివర్సిటీ రికార్డులో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో ఫైళ్లు ఆగుతాయి. ఫలితాలు రాగానే రిజిస్ట్రేషన్‌కు పెట్టండి. నోటిఫికేషన్ వచ్చాక పెడితే ఆఖరి తేదీలోపు నంబరు చేతికి రాకపోవచ్చు. కులం, ఆదాయం, నాలుగు నుంచి పది వరకు చదివిన స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. జిల్లాల విభజన తర్వాత మీ బడి ఏ జిల్లా కింద రాశారో కూడా ఒకసారి చూసుకోండి.